టైల్ నీటిని ఆపదు: బాత్రూమ్ రీమోడలింగ్‌లో కంటికి కనిపించని పొరల లెక్క

బాత్రూమ్ మార్చాలనుకోగానే చాలామంది మొదట చేసేది టైల్స్ చూడటం. రంగు, సైజు, కుళాయిల మోడల్ తేలాక మేస్త్రీని పిలుస్తారు. అసలు ప్రశ్నలు పని మొదలయ్యాక ఒక్కొక్కటే బయటపడతాయి. తలుపు దగ్గర నేల ఎంత లేస్తుంది? కమోడ్‌ను పక్కకు జరపొచ్చా? వాటర్‌ప్రూఫింగ్ గచ్చు కిందా, పైనా? అప్పటికే టైల్ కొనేసి ఉంటారు, గోడ పగిలి ఉంటుంది. జవాబు నిలబడ్డ చోటే చెప్పాల్సి వస్తుంది. కొత్త బాత్రూమ్‌కు ఏడాది నిండకుండానే కింది గది పైకప్పు మీద పసుపు మరక తేలడానికి తరచూ కారణం ఈ తొందరే.

బాత్రూమ్ ప్లాన్ శ్లాబ్ దగ్గర మొదలై, మిల్లీమీటర్ల లెక్కతో పైకి రావాలి. ఆ లెక్కలో టైల్ చివరి అంకె. మిగతా అంకెలు ఏమిటో, అవి ఒకదాన్నొకటి ఎలా కట్టిపడేస్తాయో, నిపుణుల మధ్య కూడా తేడా ఉన్న చోట ఎవరి వాదన ఏమిటో చూద్దాం.

నేలలో ఏ పొర పని ఏమిటి

అన్నిటికన్నా కింద శ్లాబ్ ఉంటుంది. దాని పని బరువు మోయడం. కాంక్రీటులో సన్నటి రంధ్రాలుంటాయి కనుక నీటిని ఆపే బాధ్యత దాని మీద పెట్టకూడదు. దాని పైన సిమెంటు, ఇసుక కలిపి వేసే వాలు గచ్చు వస్తుంది. దీన్నే స్క్రీడ్ అంటారు. నీరు డ్రెయిన్ వైపు నడవడానికి కావలసిన వాలు ఇక్కడే తయారవుతుంది. వాటర్‌ప్రూఫింగ్ అంటే 1 నుంచి 2 మి.మీ. మందమున్న పొర. మొత్తం బాత్రూమ్‌లో నీటిని నిజంగా ఆపేది ఇదొక్కటే. ఆపైన టైల్ అంటించే అడ్హెసివ్, టైల్, టైళ్ల మధ్య సందులు పూడ్చే గ్రౌట్.

కొన్ని ఇళ్లలో బాత్రూమ్ శ్లాబ్‌ను మిగతా నేల కన్నా 200 నుంచి 300 మి.మీ. కిందికి పోస్తారు. ఇది పల్లపు శ్లాబ్. పైపులు ఆ గుంటలో పడుకుంటాయి, మిగిలిన ఖాళీని ఇటుక ముక్కలతోనో తేలికపాటి కాంక్రీటుతోనో నింపుతారు. పల్లం లేని ఇళ్లలో పైపులు శ్లాబ్ కింద వేలాడతాయి. మీది ఏ రకమో తెలియకుండా ప్లాన్ కాగితం మీద గీత గీయడం కూడా వృథా.

టైల్ నీటిని ఆపదు అంటే టైల్ నాసిరకమని కాదు. పోర్సిలీన్ టైల్ తన బరువులో 0.5 శాతం కన్నా ఎక్కువ నీటిని పీల్చదు. నీరు దిగేది జాయింట్లలోంచి. 2.4 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పున్న బాత్రూమ్ నేల 3.6 చదరపు మీటర్లు. అందులో 300 మి.మీ. టైల్స్ వేస్తే సుమారు 24 మీటర్ల జాయింటు వస్తుంది. 600 మి.మీ. టైల్స్ వేసినా 12 మీటర్లు. సిమెంటు గ్రౌట్ కొత్తగా ఉన్నప్పుడే కొద్దికొద్దిగా నీటిని పీలుస్తుంది. వేడికీ చల్లదనానికీ నేల కాస్త సాగి, ముడుచుకునే కొద్దీ గోడ, నేల కలిసే చోట వెంట్రుకంత చీలిక వస్తుంది. రోజూ స్నానం జరిగే చోట ఆ చీలిక చాలు.

మరక చెప్పే కబురు

రీమోడలింగ్‌కు కారణమే లీకు అయితే, పగలగొట్టే ముందు అది ఏ దారిన వస్తోందో తేల్చుకోవాలి. దారులు మూడు. ఒత్తిడితో నీళ్లు తెచ్చే పైపు లీకైతే బాత్రూమ్ వాడినా వాడకపోయినా తడి ఆగదు. అన్ని కుళాయిలూ కట్టేసినా నీటి మీటరు కదులుతుంది. వాడిన నీటిని తీసుకుపోయే డ్రెయిన్ పైపు జాయింటు పోతే స్నానం చేసిన కాసేపటికే చుక్కలు పడి, ఆ తర్వాత నెమ్మదిస్తాయి. నేల పొరల్లోంచి దిగే నీరు అన్నిటికన్నా మోసకారి. ఎప్పుడు మొదలైందో తెలియదు, ఎక్కడో దిగి ఇంకెక్కడో కనిపిస్తుంది.

పల్లపు శ్లాబ్ ఉన్న ఇళ్లలో ఈ మోసం ఇంకా పెద్దది. 3.6 చదరపు మీటర్ల గుంట 250 మి.మీ. లోతుంటే 0.9 ఘనపు మీటర్లు. ఇటుక ముక్కల నింపుడులో మూడో వంతు ఖాళీలే అనుకుంటే అందులో 300 లీటర్ల నీరు దాక్కోగలదు. అది నిండేదాకా కింద ఏమీ కనిపించకపోవచ్చు. తప్పు జరిగిన నెలల తర్వాత మరక తేలేది అందుకే. పైన లీకు సరిచేశాక కూడా ఆ నీరంతా ఇంకేవరకు కింద చెమ్మ ఆగదు. పని సరిగ్గానే జరిగినా మేస్త్రీ మాట పడేది ఈ వారాల్లోనే. గుంట అడుగున, శ్లాబ్ మట్టంలో ఒక చిన్న డ్రెయిన్ గొట్టం పెట్టి, బయటి గోడకో నిలువు పైపుకో కలిపితే నీరు నిలవదు. లీకైతే ముందే తెలుస్తుంది కూడా.

గోడ టైళ్ల జాయింట్ల మీద తెల్లటి పొడి తేలడం మరో సూచన. వెనక ఉన్న సిమెంటులోని సున్నపు లవణాలను నీరు కరిగించుకుని బయటికి తెస్తుంది. గాలి తగిలి నీరు ఆరిపోతుంది, పొడి మిగులుతుంది. దాన్ని తుడిస్తే పోతుంది, వెనక తడి ఉన్నంతకాలం మళ్లీ వస్తుంది.

ఎత్తుల లెక్క: ప్లాన్ మొత్తం ఇక్కడే తేలుతుంది

నేల వాలును నిష్పత్తిలో చెబుతారు. 1:100 అంటే మీటరు దూరానికి 10 మి.మీ. పల్లం, 1:50 అంటే 20 మి.మీ. నీరు అప్పుడప్పుడూ చిందే చోట 1:100 సరిపోతుంది. షవర్ కింద 1:80 నుంచి 1:50 వరకు పెడతారు. అంతకన్నా ఎక్కువైతే సబ్బు నీళ్ల మీద కాలు జారుతుంది. తక్కువైతే నీరు నిలిచి జాయింట్లలోకి ఇంకే సమయం దొరుకుతుంది.

పైన చెప్పిన 2.4 × 1.5 మీటర్ల బాత్రూమ్‌నే తీసుకుందాం. ఒక చివర తలుపు, రెండో చివర 0.9 మీటర్ల షవర్ భాగం. పాత నేల తీసేశాక శ్లాబ్ పైనుంచి తలుపు దగ్గర ఉండాల్సిన నేల మట్టం వరకు 60 మి.మీ. మాత్రమే ఉందనుకుందాం. డ్రెయిన్‌ను చివరి గోడ వారగా పెడితే:

తలుపు నుంచి షవర్ అంచు వరకు 1.5 మీటర్లు, 1:100 చొప్పున 15 మి.మీ.
షవర్‌లో 0.9 మీటర్లు, 1:50 చొప్పున 18 మి.మీ.
మొత్తం పల్లం 33 మి.మీ.

డ్రెయిన్ దగ్గర గచ్చు మరీ పలచనైతే పగులుతుంది. శ్లాబ్‌కు బాగా పట్టేలా వేసినా అక్కడ 25 మి.మీ. ఉంచాలి. అంటే తలుపు దగ్గర గచ్చు 58 మి.మీ. దాని మీద అడ్హెసివ్ 5, టైల్ 10. మొత్తం 73 మి.మీ. మన దగ్గరున్నది 60. ఇంకా 13 మి.మీ. కావాలి.

ఈ 13 మి.మీ. సంగతి ప్లాన్ దశలో తెలిస్తే దారులు దొరుకుతాయి. పని మధ్యలో తెలిస్తే మేస్త్రీ వాలు తగ్గించేస్తాడు. అప్పటికి అతని చేతిలో ఉన్నది అదొక్కటే. కంటికి తేడా కనిపించదు, నీటికి కనిపిస్తుంది.

ఒక దారి, పొడవాటి లీనియర్ డ్రెయిన్‌ను షవర్ భాగం మొదట్లో, గది వెడల్పంతా పెట్టడం. అప్పుడు తలుపు వైపు నేల 15 మి.మీ. పల్లంతో డ్రెయిన్‌కు వస్తుంది, షవర్ నేల ఎదురు వైపు నుంచి 18 మి.మీ. పల్లంతో అదే డ్రెయిన్‌కు వస్తుంది. రెండు పల్లాలనూ కలిపి కూడాల్సిన పని లేదు. తలుపు దగ్గర గచ్చు 25 + 15 = 40, అడ్హెసివ్, టైల్ కలిపితే 55 మి.మీ. అరవైలో ఇమిడిపోయింది. పైగా ఒక్కో భాగం ఒకే దిశలో వాలుతుంది కనుక పెద్ద టైల్ కోయకుండా వేయొచ్చు. గుండ్రటి డ్రెయిన్ చుట్టూ నాలుగు వైపుల నుంచి వాలు రావాలి కాబట్టి పెద్ద టైల్‌ను మూలలకు కోయాల్సిందే. షవర్‌లో చిన్న టైల్స్ ఎక్కువగా వాడటానికి అందం కన్నా ముఖ్యమైన కారణం ఇది. లీనియర్ డ్రెయిన్‌తో ఇబ్బందీ ఉంది. దాని గాడి లోతు, కింద ట్రాప్ (వాసన పైకి రాకుండా నీరు నిలిచే వంపు) లోతు శ్లాబ్‌లో ఇమడాలి, గాడిలో చేరే వెంట్రుకలు తరచూ తీయాలి.

ఇంకో దారి, షవర్ భాగానికి చిన్న గట్టు కట్టి మిగతా నేలకు తక్కువ వాలు సరిపెట్టడం. మోకాళ్ల నొప్పులున్నవారికీ, చక్రాల కుర్చీకీ గట్టు అడ్డమవుతుంది. గడప ఎత్తు పెంచడం మూడోది. అది తలుపు రెక్కను కింద కోయించేదాకా వెళ్తుంది. ఏ దారి పట్టినా, మేస్త్రీ మొదటి రోజే గోడ చుట్టూ మట్టం గీత కొట్టి, అక్కడి నుంచి ప్రతి మూలకూ కొలత రాసుకుంటే ఈ లెక్క కాగితం మీదే తేలిపోతుంది.

కమోడ్ జరిపితే ఏమవుతుంది

వాష్ బేసిన్‌ను జరపడం తేలిక. దాని డ్రెయిన్ సన్నది, గోడలోంచి పోగలదు. కమోడ్ సంగతి వేరు. దాని పైపు 110 మి.మీ., వాలు కావాలి, మలుపులు తక్కువగా ఉండాలి. పాత చోటు నుంచి 2 మీటర్లు జరిపి 1:50 వాలు పెడితే పైపు ఆ చివర 40 మి.మీ. కిందికి దిగుతుంది. పైపు మందం కలిపితే 150 మి.మీ. అవుతుంది, దాని మీద కప్పు వేరే. 60 మి.మీ. మాత్రమే ఉన్న నేలలో ఇది అసాధ్యం. పల్లపు శ్లాబ్ ఉంటే కుదురుతుంది. లేదంటే శ్లాబ్‌కు రంధ్రం చేసి పైపును కింది అంతస్తు పైకప్పులో వేలాడదీయాలి. ఆ పైకప్పు మీది కాకపోతే దానికి పొరుగువారి ఒప్పుకోలు, రంధ్రానికి ఇంజనీరు సలహా రెండూ కావాలి.

కమోడ్ కొనే ముందు రాసుకోవాల్సిన కొలత ఒకటుంది. నేలలోకి దిగే రకమైతే వెనక గోడ నుంచి రంధ్రం నడిమధ్యకు దూరం. కమోడ్లు సాధారణంగా 100, 225, 300 మి.మీ. దూరాలకు తయారవుతాయి. ఈ కొలతను తయారైన గోడ నుంచి, అంటే ప్లాస్టర్, అడ్హెసివ్, టైల్ అన్నీ కలిపిన ముఖం నుంచి తీయాలి. పాత టైల్ తీసేసిన గోడకు 300 వచ్చింది కదా అని 300 కమోడ్ తెస్తే, టైల్ పడ్డాక మిగిలేది 275. కమోడ్ గోడకు తగిలి నిలబడిపోతుంది.

వాటర్‌ప్రూఫింగ్ పొర గచ్చు కిందా, పైనా

దీనిమీద అనుభవజ్ఞుల్లోనే రెండు పక్షాలున్నాయి, రెండింటి వెనకా బలమైన కారణాలున్నాయి.

పొర గచ్చు కింద, శ్లాబ్ మీదే ఉండాలనేవారి వాదన ఇది: కాపాడాల్సింది శ్లాబ్‌ను. పొర మీద 40, 50 మి.మీ. గచ్చు ఉంటే రేపు టైల్ మార్చినా, ఎవరైనా మేకు కొట్టినా పొరకు దెబ్బ తగలదు. గచ్చులో పడుకున్న పైపు కారినా నీరు పొర మీదే ఆగుతుంది.

పైన, టైల్ వెనకే ఉండాలనేవారు చెప్పేది: పొర కిందుంటే దాని మీది గచ్చంతా నీళ్లు తాగుతుంది, ఆరదు. వాసన, జాయింట్ల నలుపు, తెల్ల పొడి అన్నీ అక్కడి నుంచే. టైల్ వెనకే ఆపితే గచ్చు ఎప్పుడూ పొడిగా ఉంటుంది, షవర్ అయిన కాసేపటికే నేల ఆరుతుంది.

రెండు మాటలూ నిజమే. తేడా వచ్చేది ప్రతి పద్ధతికీ ఉన్న షరతును వదిలేసినప్పుడు. కింది పొరకు షరతు ఏమిటంటే, ఆ పొర కూడా వాలుగా ఉండాలి. బల్లపరుపు శ్లాబ్ మీద పొర వేసి వాలంతా పై గచ్చులో తెస్తే, జాయింట్లలోంచి దిగిన నీరు పొర మీదే నిలిచిపోతుంది. డ్రెయిన్‌కు కూడా పొర మట్టంలో చిన్న పక్క రంధ్రాలు ఉండాలి. పైనుంచి నీరు తీసుకునే డ్రెయిన్‌కు ఆ రంధ్రాలు లేకపోతే గచ్చులోని నీటికి పోయే దారి లేదు. రంధ్రాలున్న డ్రెయిన్ తెచ్చి, చుట్టూ సిమెంటు మసాలా గట్టిగా దట్టించి వాటిని పూడ్చేయడం తరచూ జరిగే పొరపాటు. అక్కడ కాస్త కంకర వేస్తే నీటికి దారి మిగులుతుంది.

పై పొరకు షరతులు వేరు. గచ్చు బాగా ఆరి ఉండాలి, పొర మీద అడ్హెసివ్ పట్టే రకమై ఉండాలి. డ్రెయిన్ అంచుకు పొర గట్టిగా అతుక్కోవాలి. కింద పైపు కారితే ఈ పొర ఏమీ చేయలేదు, నీరు నేరుగా శ్లాబ్‌లోకే.

పల్లపు శ్లాబ్‌లో రెండుచోట్లా పొర వేయడం న్యాయమని నా అభిప్రాయం. కింద గుంటకు ఒకటి, పైన టైల్ వెనక ఒకటి. గుంట అడుగు డ్రెయిన్ లేకుండా రెండు పొరలు వేస్తే మాత్రం మధ్యలో చిక్కిన తడికి ఎటూ దారి ఉండదు. పల్లం లేని సన్నని నేలకు పై పొర ఒక్కటే చాలా సందర్భాల్లో తగినది, ఎందుకంటే అక్కడ నేలలో పైపులు తక్కువ, గచ్చు పలచన.

పొర రకం, డబ్బా లెక్క

రకాలు మూడు: పొడి, ద్రవం కలిపి పూసే పాలిమర్ సిమెంటు పూత, రెడీగా డబ్బాలో వచ్చే సాగే పూత, చాపలా పరిచి అంటించే షీట్. పాలిమర్ సిమెంటు తడి గోడకు కూడా పట్టుకుంటుంది కానీ కొన్ని రకాలకు సాగే గుణం తక్కువ. డబ్బా పూత సాగుతుంది కానీ కింద పొడిగా ఉండాలి. షీట్ మందం అంతటా ఒకేలా ఉంటుంది, కష్టమంతా మూలల్లో, అతుకుల్లో. రకం కన్నా మందమే ఎక్కువసార్లు ఫలితాన్ని తేలుస్తుంది. ఆ మందాన్ని ఇంటివారే లెక్కకట్టొచ్చు.

మన బాత్రూమ్‌లో నేల 3.6 చదరపు మీటర్లు. గోడల చుట్టూ 300 మి.మీ. ఎత్తు పొర పైకెక్కాలి. చుట్టుకొలత 7.8 మీటర్లలో తలుపు 0.75 తీసేస్తే 7.05, దాన్ని 0.3తో గుణిస్తే 2.1. షవర్ మూడు గోడలు కలిపి 3.3 మీటర్లు, అక్కడ 2.1 మీటర్ల ఎత్తు వరకు పూయాలి, ముందే లెక్కించిన 0.3 పోగా 1.8. అంటే 5.9. మొత్తం 11.6 చదరపు మీటర్లు.

చదరపు మీటరుకు లీటరు పూత పూస్తే తడి మందం 1 మి.మీ. ఆరాక అందులోని నీరు పోతుంది. ఘనపదార్థం 65 శాతమైతే మిగిలేది 0.65 మి.మీ. ఒక్కో కోటుకు 0.8 లీటరు చొప్పున రెండు కోట్లు వేస్తే తడి మందం 1.6, ఆరాక 1.04 మి.మీ. దీనికి 11.6 × 1.6, అంటే దాదాపు 18.6 లీటర్లు కావాలి. 20 లీటర్ల డబ్బా సరిపోతుంది. 10 లీటర్ల డబ్బాతో బాత్రూమ్ మొత్తం పూర్తయిందంటే ఆరిన మందం 0.56 మి.మీ. మాత్రమే. ఎన్ని కోట్లు వేశారని అడగడం కన్నా ఖాళీ డబ్బాలు లెక్కపెట్టడం నమ్మదగిన పద్ధతి. డబ్బా మీద తయారీదారు రాసిన వాడకం, ఆరే గడువు ఏ సాధారణ లెక్క కన్నా ముందు లెక్కలోకి వస్తాయి.

పొర తెగేది ఎక్కువగా మూలల్లో, పైపు చుట్టూ. గోడ, నేల కలిసే చోట లంబకోణం వదలకుండా మసాలాతో గుండ్రంగా తిప్పి, మొదటి కోటు తడిగా ఉండగానే సాగే టేపో మెష్ గుడ్డో అద్ది, దాని మీద రెండో కోటు అడ్డదిశలో వేస్తారు. శ్లాబ్‌లోంచి దిగే పైపు చుట్టూ మామూలు మసాలా ఆరాక ముడుచుకుని సందు ఇస్తుంది. ముడుచుకోని గ్రౌటు పోయడం అందుకే. తలుపు గడప కింద పొర ఆగిపోవడం మరో పెద్ద లోపం. బాత్రూమ్ నీళ్లు పక్క గది చెక్క నేలనో గోడ రంగునో పాడుచేసేది చాలాసార్లు అక్కడి నుంచే.

పాత టైల్ మీదే కొత్త టైల్

పగలగొట్టే దుమ్ము, శబ్దం, చెత్త తప్పుతాయి, శ్లాబ్‌కు అదురు ఉండదు, రోజులు కలిసొస్తాయి. పాత టైల్ గట్టిగా ఉండి, లీకు లేకపోతే ఇది గౌరవించదగిన పద్ధతే. చెక్క పిడితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చే టైల్స్ తీసి, ఆ గుంటలు పూడ్చి, మెరుపు ముఖాన్ని గరుకు చేసో ప్రైమర్ పూసో, నునుపు మీద పట్టే పాలిమర్ అడ్హెసివ్‌తో అంటిస్తారు.

దీని ఖరీదు ఎత్తులో, బరువులో ఉంటుంది. అడ్హెసివ్‌తో కలిపి 15 మి.మీ. లేస్తుంది, చదరపు మీటరుకు సుమారు 30 కిలోలు పెరుగుతుంది. పాత నేల తలుపు దగ్గర బయటి నేలకు 10 మి.మీ. మాత్రమే కింద ఉంటే, కొత్త నేల దానికన్నా 5 మి.మీ. పైకొస్తుంది. నీరు గది వైపు చూస్తుంది. డ్రెయిన్ జాలీని కూడా అంతే ఎత్తు లేపకపోతే చుట్టూ గుంట మిగులుతుంది. గోడ మీద 15 మి.మీ. పెరిగితే గోడలో దాగిన షవర్ మిక్సర్ (వేడి, చల్లటి నీళ్లు కలిపే కుళాయి) బాడీ లోతుకు పోయి, హ్యాండిల్‌కు పొడిగింపు ముక్క కావాల్సి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇప్పటికే లీకు ఉన్న బాత్రూమ్‌లో ఈ పద్ధతి దాన్ని కప్పిపెడుతుందే తప్ప ఆపదు. పాత జాయింట్ల కింద ఇంకా ఆరని తడి అక్కడే ఉంటుంది.

గోడలో దాగే పైపులు, కరెంటు

వేడి నీటికి సీపీవీసీ, పీపీఆర్, రాగి, పెక్స్ లాంటి పైపులు వాడతారు. చల్లటి నీటి యూపీవీసీ వేడికి మెత్తబడుతుంది. సీపీవీసీకీ యూపీవీసీకీ అంటించే ద్రావకాలు వేరు, ఒకదానిది మరోదానికి వాడితే జాయింటు వెంటనే కారకపోయినా తర్వాత వదలొచ్చు. గాడి పూడ్చే ముందు పైపులకు పంపు పెట్టి, మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, గేజ్ ముల్లు కదలకుండా నిలుస్తుందో చూస్తారు. మిక్సర్ బాడీ మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది, దాని మీద కనీస, గరిష్ఠ గీతలుంటాయి. తయారైన టైల్ ముఖం ఆ రెండు గీతల మధ్య పడాలి. ప్లాస్టర్ 12, అడ్హెసివ్ 5, టైల్ 8 అయితే ఇటుక ముఖం నుంచి 25 మి.మీ. టైల్ ఎంపిక కాకపోయినా దాని మందం ముందే తెలియాల్సింది ఇందుకే.

3 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు లాగుతుంది. దానికి విడి సర్క్యూట్, ఎర్త్, 30 మిల్లీఆంపియర్ల కరెంటు లీకైనా సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ ఉండాలి. లోడు ఎక్కువైతే ఆగిపోయే మామూలు ఎంసీబీ స్విచ్ తీగను కాపాడుతుంది, తడి మనిషిని కాదు. ఎన్నో దేశాల నియమాలకు ఆధారమైన అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణం ఐఈసీ 60364 స్నానాల గదిని నీటికి దగ్గరతనాన్ని బట్టి జోన్లుగా విడదీస్తుంది. షవర్ దగ్గరి జోన్ నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు వరకు ఉంటుంది. సాకెట్లు, స్విచ్‌లు దానికి దూరంగా ఉండాలి. ఖచ్చితమైన దూరాలు మీ దేశపు నియమాన్ని బట్టి ఎలక్ట్రీషియన్ చెప్పాలి.

గాలి గురించి ఒక మాట. ఆ గది ఎత్తు 2.4 మీటర్లయితే ఘనపరిమాణం 8.6 ఘనపు మీటర్లు. గంటకు 8 సార్లు గాలి మారాలంటే ఫ్యాన్ గంటకు దాదాపు 70 ఘనపు మీటర్లు లాగాలి. తలుపు కింద సందు లేకపోతే ఎంత ఫ్యానైనా తిరుగుతుందే తప్ప లాగదు.

టైల్ అంటించడం, జాయింట్లు

టైల్ వెనక నాలుగు మూలలకూ మధ్యకూ ముద్దలు పెట్టి అద్దే పద్ధతిలో ముద్దల మధ్య ఖాళీలు నీటి గదులవుతాయి, టైల్ మీద బరువు పడితే మూల విరుగుతుంది. పళ్లున్న తాపీతో ఒకే దిశలో గీతలు గీసి, టైల్‌ను అడ్డంగా కాస్త జరిపి నొక్కితే గీతలు కూలి నిండుతాయి. తడి ప్రదేశాల్లో వెనక భాగం 95 శాతం నిండాలన్నది పరిశ్రమలో వాడే కొలమానం. అప్పుడప్పుడూ ఒక టైల్‌ను వెంటనే పైకి లేపి వెనక చూస్తే తెలిసిపోతుంది.

ఎపాక్సీ గ్రౌట్ నీరు పీల్చదు, మరక పట్టదు. కానీ త్వరగా గట్టిపడుతుంది, టైల్ మీద మిగిలిన పొర ఆరితే తీయడం కష్టం. షవర్ నేలకు అది, పొడి గోడలకు సిమెంటు గ్రౌట్ అనేది సమంజసమైన పంపకం. ఎపాక్సీ వేశాం కనుక వాటర్‌ప్రూఫింగ్ అక్కర్లేదనే వాదన మాత్రం నిలవదు, ఎందుకంటే చీలేది గ్రౌట్ మధ్యలో కాదు, మూలల్లో. గోడ, నేల కలిసే గీతలో గ్రౌట్ బదులు సిలికాన్ వేయడం ఆ కదలికను భరించడానికే. పాలరాయి పక్కన వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మరక చేస్తుంది, అక్కడ న్యూట్రల్ రకం వాడాలి.

నీళ్లు నిలబెట్టే పరీక్ష

టైల్ పడకముందే జరగాల్సిన పరీక్ష ఇది. పొర ఆరాక డ్రెయిన్‌కు గాలి నింపే బిరడా పెట్టి, తలుపు దగ్గర చిన్న కట్ట వేసి నీళ్లు నింపుతారు. పై పొర పద్ధతిలో, గుండ్రటి డ్రెయిన్ చివరి గోడ దగ్గరుంటే, తలుపు వైపు ఎత్తైన చోట 15 మి.మీ. నిలిస్తే డ్రెయిన్ దగ్గర 48 మి.మీ. ఉంటుంది. ప్రతి 10 మి.మీ. లోతుకు చదరపు మీటరు మీద 10 కిలోల బరువు పడుతుంది కనుక అవసరానికి మించి నింపకూడదు. గోడ మీద పెన్సిల్ గీత గీసి కనీసం 24 గంటలు ఉంచుతారు. పల్లపు శ్లాబ్‌కు 48 నుంచి 72 గంటలు మంచిది.

మట్టం 2 మి.మీ. తగ్గితే లీకా, ఆవిరా అన్న గొడవ ఇక్కడ సహజం. పక్కనే వెడల్పాటి తొట్టిలో నీళ్లు పోసి దానికీ గీత గీస్తే జవాబు దొరుకుతుంది. రెండూ సమానంగా తగ్గితే ఆవిరి. నేల మట్టమే ఎక్కువ తగ్గితే మొదట అనుమానించాల్సింది బిరడాను, తర్వాత డ్రెయిన్ అంచును, ఆ తర్వాతే పొరను. కింది పైకప్పు పొడిగా ఉందంటే పాసైనట్టే అనుకోకూడదు, గుంటలోకి దిగిన నీరు అంత త్వరగా కింద కనిపించదు. మట్టం గీతే సాక్ష్యం.

టైల్ పడ్డాక మరో పరీక్ష ఉంది. బకెట్ నీళ్లు తలుపు దగ్గర ఒంపి పది నిమిషాలు ఆగి చూడటం. అక్కడక్కడా నిలిచిన మడుగులు వాలు తప్పిన చోటును చూపిస్తాయి. షవర్ గోడను గంటసేపు తడపడం గోడ పొరకు పరీక్ష. ఇవి జరిగేలోపు ఆఖరి చెల్లింపులో కొంత భాగం ఆపుకోవడం ఒప్పందంలోనే రాసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. గాడులు పూడ్చే ముందు ప్రతి గోడకూ టేపు పెట్టి, మూల నుంచీ నేల నుంచీ పైపుల దూరం కనిపించేలా ఫొటోలు తీసి ఉంచితే, తర్వాత అద్దమో తువ్వాలు కడ్డీయో బిగించేటప్పుడు డ్రిల్ ఎక్కడ పెట్టకూడదో తెలుస్తుంది.